మోషే సినిమాల్లో మోషేకి మాట ఎందుకు తడబడదు?

మూడోబెంచి:
ఇశ్రాయేలీయుల్ని ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి విడిపించిన మోషే మీద వచ్చిన సినిమాల్లో ముఖ్యమైనవి మూడూ చూశాను. 1956 నాటి టెన్ కమాండ్‌మెంట్స్, 1998లో వచ్చిన యానిమేషన్ సినిమా ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్, 2014 నాటి ఎక్సోడస్. మూడింట్లోనూ ఒకటే లోపం. బైబిల్లోని నిర్గమకాండము 4వ అధ్యాయం 10వ వచనంలో మోషే తన నోటితో తానే చెప్పుకున్నాడు, నోటి మాంద్యము, నాలుక మాంద్యము గలవాడనని, అంటే మాట సరిగా రాదని. దేవుడు మాట్లాడిన మండే పొద ముందు నిలబడి, ఫరో దగ్గరికి నన్ను వద్దు, వేరే ఎవరినైనా పంపు అని బతిమాలుకున్నాడు. దేవుడికి కోపం కూడా వచ్చింది. చివరికి అన్న అహరోనుని అతనికి నోరుగా ఇచ్చాడు. కథకి ఇది పునాది. తెర మీద మాత్రం మోషే నోరు తెరిస్తే ఉరిమినట్టు ఉంటుంది, అహరోను పక్కన నిలబడి చూస్తుంటాడు. ఎందుకు ఇలా తీస్తారు?

కడప_కుర్రోడు:
ఇన్నేళ్లలో ఇది ఒక్కసారి కూడా ఆలోచించలేదన్నా.

పాతరీలు:
మూడోబెంచి గారూ, గ్రంథం పక్కన పెట్టుకుని మార్కులేస్తే ఏ పౌరాణిక సినిమా పాస్ కాదు. నిర్గమకాండము 2వ అధ్యాయం 10వ వచనంలో ఐగుప్తు రాజు ఫరో కూతురు పిల్లాడైన మోషేకి పేరు పెడుతుంది. 11వ వచనానికి వాడు పెద్దవాడైపోయాడు, ఆ తర్వాతి వచనంలో ఐగుప్తీయుణ్ని చంపి ఇసుకలో పూడ్చేశాడు. మధ్యలో జరిగినదాని గురించి ఒక్క ముక్క లేదు. మూడు గంటల నలభై నిమిషాల సినిమా తీసేవాడు ఆ ఖాళీని దేనితో నింపాలి? టెన్ కమాండ్‌మెంట్స్ డైరెక్టర్ డెమిల్ పాతకాలపు యూదు రచయితలు ఫైలో, జోసీఫస్‌ల రాతలు తిరగేశాడు, ఆ సంగతి టైటిల్స్‌లోనే వేశాడు. ఇదే పేరుతో 1923లో మూకీ తీసి, ముప్పై ఏళ్లు దాటాక మళ్లీ ఐగుప్తుకీ సీనాయికీ యూనిట్‌ని తీసుకెళ్లి తీశాడు. సముద్రం చీలే షాట్ ఎలా తీశారో తెలుసా? పెద్ద తొట్టెలోకి రెండు పక్కల నుంచీ నీళ్లు వదిలి, ఆ ఫిల్మును వెనక్కి తిప్పి చూపించారు. కలవాల్సిన నీళ్లు విడిపోయినట్టు కనబడ్డాయి. కంప్యూటర్ ఊసే లేని రోజుల్లో. ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ ఊరికే ఇవ్వలేదు.

మనవాళ్లు మాత్రం ఏం చేశారు? మాయాబజార్‌లో శశిరేఖ పెళ్లి వ్యాసుడి భారతంలో లేదు. అయినా 1957 నుంచి ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తూనే ఉన్నాం.

ఇక మీ ప్రశ్నకి జవాబు. ఫరో కొలువులో నిలబడి "నా జనులను పోనిమ్ము" అనాల్సిన మనిషి నత్తినత్తిగా అంటే హాల్లో జనం నవ్వుతారు. ఏ డైరెక్టరూ ఆ రిస్క్ తీసుకోడు.

షాలోం_సిస్టర్:
అందరికీ వందనాలు. పాతరీలు గారు చెప్పిన ఆ ఖాళీ నింపడమే అసలు సమస్య. నేను సండే స్కూల్లో పిల్లలకి పాఠాలు చెప్తాను. మోషే మిద్యానుకి ఎందుకు పారిపోయాడు అని అడిగితే ఒక పాప లేచి, "రాకుమారిని ప్రేమించాడు, రాజుకి తెలిసిపోయింది టీచర్" అంది. ఆ రాకుమారి బైబిల్లో ఎక్కడుంది? టెన్ కమాండ్‌మెంట్స్ సినిమాలో ఉంది. ఫరో పేరు రామసేసు అని కూడా పిల్లలంతా గట్టిగా చెప్తారు. నిర్గమకాండములో ఫరోకి పేరే లేదు, రామసేసు అన్నది ఇశ్రాయేలీయులు కట్టిన పట్టణం పేరు. తెర మీద ఒకసారి చూసింది పిల్లల బుర్రలోంచి తీయడం ఎంత కష్టమో నాకు తెలుసు.

2014 సినిమా సంగతి అయితే చెప్పనే అక్కర్లేదు. దేవుణ్ని పదకొండేళ్ల కుర్రాడిలా చూపించారు. మోషే చేతిలో కర్రకి బదులు కత్తి పెట్టారు. నత్తి గురించి మాట్లాడే ముందు దీని గురించి మాట్లాడండి.

హిస్టరీ_పిచ్చి:
ఆ 2014 సినిమాకి అసలు గొడవ కుర్రాడి దగ్గర కాదు. ఐగుప్తు కథకి హీరోలుగా తెల్లవాళ్లైన క్రిస్టియన్ బేల్, జోయెల్ ఎడ్జర్టన్‌లని పెట్టి, బానిసలకీ సేవకులకీ మాత్రం నల్లవాళ్లని పెట్టారు. అందుకు ప్రపంచమంతా తిట్టింది. ఈజిప్టు ప్రభుత్వం చరిత్రని వక్రీకరించారని ఆ సినిమాని ఆపేసింది. యూదులు పిరమిడ్లు కట్టినట్టు చూపించారన్నది వాళ్ల అభ్యంతరాల్లో ఒకటి. గిజా పిరమిడ్లు ఈ కథ జరిగిందనుకునే కాలానికి వెయ్యేళ్లకు పైగా పాతవి. నిర్గమకాండము 1:11లో ఉన్నవి పీతోము, రామసేసు అనే ధాన్యాగారాల పట్టణాలు. ఐగుప్తు శాసనాల్లో ఇశ్రాయేలు పేరు దొరికేది మెర్నెప్తా శిలాశాసనంలో, క్రీ.పూ. 1208 ప్రాంతంలో. మోషే పేరు ఎక్కడా లేదు. ఏది కల్పన, ఏది కాదు అని మాట్లాడేటప్పుడు ఇది కూడా గుర్తుపెట్టుకోవాలి.

షాలోం_సిస్టర్:
మాకు శిలాశాసనం సాక్ష్యం అక్కర్లేదు బ్రదర్.

డల్లాస్_తెలుగు:
ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్‌ని వీటితో కలిపి కొట్టేయకండి. అందులో పొద దగ్గర దేవుడు, మనిషికి నోరిచ్చింది ఎవరు, చెవిటివాణ్ని మూగవాణ్ని చేసింది ఎవరు అని అడుగుతాడు. అది నిర్గమకాండము 4:11. పైగా మోషేకి గొంతు ఇచ్చిన వాల్ కిల్మరే దేవుడికీ ఇచ్చాడు. మా పిల్లలు ఆ సీన్ దగ్గర కదలకుండా కూర్చుంటారు.

మూడోబెంచి:
డల్లాస్ గారూ, సరిగ్గా నా బాధే చెప్పారు. 11వ వచనం జవాబు పెట్టారు. ఆ జవాబు దేనికి వచ్చిందో ఆ 10వ వచనం తీసేశారు. నోరు సరిగా తిరగదని మోషే చెప్పకపోతే నోరిచ్చింది ఎవరు అని దేవుడు ఎందుకు అడుగుతాడు?

పాతరీలు గారూ, డెమిల్ టైటిల్స్‌లో మిద్రాషు, అంటే యూదుల పాత వ్యాఖ్యానాల పేరు కూడా ఉంది. ఆ మిద్రాషులోనే ఒక కథ ఉంది. పసివాడైన మోషే ఫరో కిరీటం మీద చెయ్యి వేస్తే, వీడు పెద్దయ్యాక రాజ్యం లాక్కుంటాడేమోనని ఒక పరీక్ష పెడతారు. ముందు బంగారం, నిప్పులు పెడతారు. పిల్లాడి చెయ్యి బంగారం వైపు పోతుంటే దేవదూత నిప్పుల మీదికి తోస్తాడు. ఆ నిప్పు నోట్లో పెట్టుకుని నాలుక కాల్చుకుంటాడు. మాట తడబడటం అప్పటి నుంచీ అంటారు. సినిమాకి ఇంతకంటే మంచి సీన్ ఏముంటుంది? లేని ప్రేమకథ పెట్టడానికి చోటు దొరికింది గానీ దీనికి దొరకలేదు.

నెల్లూరు_భాయ్:
అస్సలాము అలైకుం. ఖురాన్‌లో కూడా ఇది ఉంది. సూరా తాహాలో మూసా అలైహిస్సలాం, నా నాలుక ముడి విప్పు, వాళ్లు నా మాట అర్థం చేసుకునేలా చెయ్యి అని దుఆ (ప్రార్థన) చేస్తారు. తన అన్న హారూన్‌ని తోడు ఇమ్మని కూడా అడుగుతారు. కాబట్టి మూడోబెంచి భాయ్ చెప్పింది చిన్న విషయం కాదు. కాకపోతే మేం ప్రవక్తల బొమ్మ గీయం, వేషం వేయం. ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్‌ని మలేషియాలో, మాల్దీవుల్లో ఆపింది అందుకే. వేషం కట్టాక ఆ నటుడి ముఖమే ప్రవక్త ముఖం అయిపోతుంది. ఈ గొడవంతా అక్కడి నుంచే వస్తోంది.

పాతరీలు:
భాయ్, మీ మాట గౌరవిస్తాను. కానీ మూడోబెంచి గారు ఒక వచనం పట్టుకుని వేలాడుతున్నారు. అపొస్తలుల కార్యములు 7:22 చూడండి. మోషే ఐగుప్తీయుల విద్యలన్నీ నేర్చి, మాటల్లోనూ పనుల్లోనూ శక్తిమంతుడు అని యేసు శిష్యుల్లో ఒకడైన స్తెఫను చెప్తాడు. మరి ఇది బైబిల్ కాదా? ద్వితీయోపదేశకాండము దాదాపు మొత్తం మోషే ప్రసంగాలే. నోరు తిరగనివాడు అంతసేపు మాట్లాడతాడా?

షాలోం_సిస్టర్:
7:22 చెప్పినందుకు థాంక్స్ అండి. నేనూ అదే రాద్దామనుకున్నాను. మోషేది వినయం. అంతటి బాధ్యత ఎత్తుకోవడానికి జంకి అలా అన్నాడు. సంఖ్యాకాండము 12:3లో భూమి మీద ఉన్నవాళ్లందరిలోకీ మిక్కిలి సాత్వికుడు అని ఉంది. దాన్ని జబ్బులా చూపించమనడం ప్రవక్తని తక్కువ చేయడమే.

మూడోబెంచి:
"తక్కువ చేయడమే." "జనం నవ్వుతారు." ఇద్దరూ ఒకే మాట రెండు రకాలుగా అన్నారు.

నాకు నత్తి ఉంది. చిన్నప్పటి నుంచీ ఉంది. మా సంఘంలో వాక్యం చదివే వంతు నాకు వచ్చినప్పుడు ఒక పెద్దాయన పక్కకి పిలిచి, "తమ్ముడూ, నువ్వు కానుకల సంచి పట్టు, చదవడం ఇంకొకళ్లు చూసుకుంటారు" అన్నాడు. ఆ వంతు మళ్లీ రాలేదు. తర్వాత అదే హాల్లో ప్రొజెక్టర్ పెట్టి టెన్ కమాండ్‌మెంట్స్ వేశారు. చూసి బయటికి వస్తూ అదే పెద్దాయన కుర్రాళ్లతో, దేవుడి పని చేసేవాడి గొంతు అలా ఉండాలి అన్నాడు. అందులో మోషే వేషం వేసిన హెస్టన్ గొంతు గురించి. నేను సంచి మడత పెడుతూ విన్నాను. నేను మూడో తరగతి నుంచి పట్టుకుని బతికింది ఆ 10వ వచనాన్ని. సినిమా దాన్ని తీసేస్తే నాకు మిగిలేది ఏమిటి?

కడప_కుర్రోడు:
అన్నా… చాలా బాధేసింది.

పాతరీలు:
మీకు జరిగింది అన్యాయం, అందులో రెండో మాట లేదు. కానీ ఆ పెద్దాయన చేసిన తప్పుకి డెమిల్‌ని బోనులో నిలబెట్టకండి. మీ సొంత గాయం తెచ్చి ఇక్కడ పెడితే ఇంక ఎవరు మాట్లాడగలరు? నేను సినిమా గురించి ఏం చెప్పినా మిమ్మల్ని అన్నట్టే అవుతుంది.

షాలోం_సిస్టర్:
సంఘంలో జరిగినవి సంఘ పెద్దలతో మాట్లాడుకోవాలి బ్రదర్, పదిమంది చూసే చోట పెట్టకూడదు. ఇక్కడ అన్యులు కూడా చదువుతున్నారు.

పాతరీలు:
అన్యులా? నా గురించేనా అమ్మా?

అయితే వినండి. నేను క్రైస్తవుణ్ని కాదు. మా నాన్న రైల్వేలో ఫిట్టర్, ఇంగ్లీషు రాదు. ఆయన నన్ను భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్లి చూపించిన మొదటి ఇంగ్లీషు సినిమా ఇదే. సముద్రం చీలినప్పుడు ఆయన చేతులెత్తి దండం పెట్టాడు. బానిసల్ని విడిపించిన మనిషి అని ఇంటికొచ్చాక మా అమ్మకి కథంతా చెప్పాడు. ఆ దండం మీ లెక్కలోకి రాదా? మొదటి నుంచీ చూస్తున్నాను, వచనాల నంబర్లు వేసి ఇది మాది, నీకేం తెలుసు అన్నట్టే మాట్లాడుతున్నారు. డెమిల్ ఆ సినిమా ఒక్క చర్చి కోసం తీయలేదు. అందరి కోసం తీశాడు. అందరూ చూడాలంటే హీరో కావాలి.

షాలోం_సిస్టర్:
మీ నాన్నగారి భక్తిని నేను తక్కువ చేయలేదు. ఆ మాట వాడినందుకు బాధపడితే క్షమించండి. కానీ మీరే ఇప్పుడు చెప్పారు, హీరో కావాలి అని. మాకు మోషే హీరో కాదండి. సముద్రం చీల్చింది మోషే కాదు. రాత్రంతా తూర్పు గాలి వీచేలా చేసి పాయలు చేసింది దేవుడు, నిర్గమకాండము 14:21. సినిమా చూసినవాళ్లు హెస్టన్‌కి దండం పెడతారు. నా అభ్యంతరం అంతా అదే.

మూడోబెంచి:
సిస్టర్, మరి అలాంటప్పుడు మీరు నా పక్క ఉండాలి కదా? మోషే మాటకారి అయితే ఫరోని ఒప్పించింది మోషే గొప్పతనం అవుతుంది. నోరు తిరగనివాడైతే ఆ పని ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. మీరు మాత్రం మోషేని వినయం పేరు చెప్పి మళ్లీ మాటకారినే చేస్తున్నారు.

పాతరీలు గారూ, మీ నాన్నగారు దండం పెట్టింది బానిసల్ని విడిపించిన మనిషికి, గొంతుకి కాదు. ద్వితీయోపదేశకాండము అన్నారు కదా, బాగుంది. ఎనభై ఏళ్లప్పుడు పొద ముందు మాట రానివాడు నూట ఇరవై ఏళ్లకి జనమంతటి ముందూ అంత పొడుగు ప్రసంగం చేశాడు. ఆ నలభై ఏళ్లలో ఏం జరిగిందో తీయండి. 1995లో టీవీ కోసం తీసిన మోజెస్‌లో బెన్ కింగ్‌స్లీ కొంత చేశాడు. ఆయన మోషే మాట వెతుక్కుంటాడు, తడబడతాడు.

పాతరీలు:
కింగ్‌స్లీది చూశాను. గొప్ప నటుడు, కానీ సినిమా నీరసం.

మూడోబెంచి:
నీరసం అనిపించింది ఎందుకంటే మీరు ఉరుము కోసం ఎదురు చూస్తున్నారు. ఒక సీన్ చెప్తాను. ఫరో కొలువు. ముసలివాళ్లిద్దరూ నిలబడ్డారు, మోషేకి 80, అహరోనుకి 83, నిర్గమకాండము 7:7లో ఉంది. మోషే అహరోను చెవిలో ఏదో చెప్తాడు. సగంలో ఆగిపోతుంది. అహరోను తొందరపెట్టడు. కొలువులో అధికారులు నవ్వడం మొదలుపెడతారు. ఫరో కూడా నవ్వుతాడు. మాట పూర్తయ్యాక అహరోను తల ఎత్తి "నా జనులను పోనిమ్ము" అంటాడు. హాల్లో జనం నవ్వుతారన్నారే, నవ్వనివ్వండి. ఫరోతో పాటు నవ్వినవాళ్లంతా, దేవుడు ఐగుప్తు మీదికి పంపిన తెగుళ్లలో పదోది వచ్చేసరికి ఏ వైపు ఉన్నారో వాళ్లకే తెలుస్తుంది.

హిస్టరీ_పిచ్చి:
ఈ సీన్‌కి నేను టికెట్ కొంటాను. నటులు మాత్రం ఆ ప్రాంతం వాళ్లే ఉండాలి.

పాతరీలు:
సీన్ బాగుంది, కాదనను. కెమెరా మోషే మీద కాదు, నవ్వుతున్న ఫరో మీద ఉండాలి. కానీ మూడు గంటలు ఇలా నడవదు. ఆ రెండోవాడి నోటితో ఎంతసేపు లాగుతారు? ఎక్కడో ఒక చోట మోషే తన గొంతుతో మాట్లాడాలి. ఎర్ర సముద్రం ముందు, వెనక రథాలు తరుముకొస్తుంటే, భయపడకుడి అని జనానికి చెప్పింది అహరోను కాదు, మోషేనే. 14:13. మీ లెక్కే.

మూడోబెంచి:
అక్కడ మాట్లాడనివ్వండి. తడబడుతూనే మాట్లాడనివ్వండి.

షాలోం_సిస్టర్:
మోషేని ఎలాగైనా తీసుకోండి. దేవుణ్ని మాత్రం మళ్లీ మనిషి రూపంలో చూపించకండి. కుర్రాణ్ని పెట్టినా, ముసలాయన్ని పెట్టినా నేను ఒప్పుకోను.