క్వాడ్రాట్లలో సగానికి పైగా సున్నాలే, పురుగుల లెక్కేమో 250. వీటిని నమ్మొచ్చా?

గరికపోచ:
అందరికీ నమస్కారం. ఒక హెక్టారు గడ్డినేలలో రెండు జాతుల లెక్క తీస్తున్నాను. మొదటిది వేరు పిలకలతో పాకే మొక్క. 1 చదరపు మీటరు ఫ్రేముతో (అదే క్వాడ్రాట్) 20 చోట్ల చూశాను. 12 చోట్ల సున్నా. మిగతా ఎనిమిదింట్లో 1, 1, 2, 3, 5, 7, 9, 12. సగటు 2, అంటే హెక్టారుకు 20,000. ఆ అంకె పైకి చెప్పడానికి నోరు రావడం లేదు. ఇన్ని సున్నాలొచ్చాయంటే ఫ్రేము వేయడంలోనే తేడా జరిగిందా? వెనక్కి తిరిగి భుజం మీదుగా విసిరాను.

రెండోది నేలమీద తిరిగే పెంకు పురుగు. 50 × 50 మీటర్ల గడిలో పిట్‌ఫాల్ కప్పులు (నడిచే పురుగు జారి పడేలా నేలలో పాతే కప్పులు) పెట్టి, 50 పురుగుల్ని పట్టి, రంగు చుక్క పెట్టి వదిలాను. మూడు రోజుల తర్వాత 40 పడ్డాయి, వాటిలో 8కి చుక్క ఉంది. 50 × 40 ÷ 8 = 250. పావు హెక్టారులో 250 కాబట్టి హెక్టారుకు 1,000 అని రాసేయొచ్చా?

చదరపుగడి:
మొక్కల సంగతి నేను చెప్తాను, పురుగులు వేరేవాళ్ళు చూస్తారు.

సున్నాలు తప్పేం కాదు. ఆ మొక్క గుంపులుగా ఉందని మీకు తెలిసింది వాటివల్లే. మొక్కలు ఎక్కడ పడితే అక్కడ చెదిరి ఉంటే, సగటు 2 ఉన్నప్పుడు 20 ఫ్రేముల్లో సున్నాలు రెండో మూడో రావాలి. మీకు 12 వచ్చాయి. వేరియన్స్ (లెక్కలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) 12.3, దాన్ని సగటుతో భాగిస్తే 6.2. ఇది 1 దగ్గర ఉంటే యాదృచ్ఛికం, 1 కంటే బాగా తక్కువైతే సమదూరం, బాగా ఎక్కువైతే గుంపులు. పరీక్ష కావాలంటే ఆ నిష్పత్తిని 19తో (ఫ్రేముల సంఖ్య కంటే ఒకటి తక్కువ) గుణించండి: 117 వస్తుంది. 5 శాతం స్థాయిలో కై-స్క్వేర్ హద్దు, అంటే యాదృచ్ఛికమైతే అరుదుగా తప్ప దాటని అంకె, 30. అనుమానానికి తావే లేదు. కాకపోతే ఈ నిష్పత్తి ఫ్రేము సైజుతో మారుతుంది, కాబట్టి "1 చదరపు మీటరు ఫ్రేముతో" అని పక్కనే రాయాలి.

అసలు ఇబ్బంది 20,000 చుట్టూ ఉన్న వెడల్పు. 95 శాతం అవధి (అసలు అంకె ఉండొచ్చని నమ్మే హద్దులు) సుమారు 3,600 నుంచి 36,400 దాకా పోతుంది. దాన్ని ±20 శాతానికి దించాలంటే ఇదే పద్ధతిలో దాదాపు 300 ఫ్రేములు కావాలి. అంత ఓపిక ఎవరికీ ఉండదు. దానికంటే నేలను ముందే విడగొట్టండి: తేమ పల్లం, మెరక, చెట్టు నీడ, ఏది తేడా తెస్తోందో అది. ఒక్కో భాగానికి దాని విస్తీర్ణాన్ని బట్టి, అందులో మొక్కల లెక్క హెచ్చుతగ్గులను బట్టి ఫ్రేములు పంచండి. మొక్క దండిగా ఉన్నచోట ఎక్కువ, దాదాపు లేనిచోట తక్కువ. సగటు తీసేటప్పుడు విస్తీర్ణంతో తూకం వేయడం మరవకండి. చాలామంది జారేది అక్కడే.

విసరడం మాత్రం మానేయండి. ఎంత కళ్ళు మూసుకున్నా ఫ్రేము ముళ్ళపొదలోకి పోదు, మనం నిలబడ్డచోటికి దగ్గర్లోనే పడుతుంది. రెండు టేపులు లంబంగా పరిచి, యాదృచ్ఛిక సంఖ్యల జతలు తీసి, ఆ బిందువులో ఫ్రేము మూల పెట్టండి. అక్కడ బురదున్నా సరే, అక్కడే.

గీత మీద పడ్డ మొక్కకు నియమం: ఎడమ, కింది అంచుల మీదవి లెక్కలోకి, కుడి, పై అంచులవి బయటికి. ఆకు ఎటు వాలిందో కాదు, మొదలు ఎక్కడుందో చూడండి. పిలకల మొక్క గనుక "నేలలోంచి పైకొచ్చిన ప్రతి కాడ ఒకటి" అని ముందే రాసి పెట్టుకోండి. మధ్యలో మార్చారో, పాత ఫ్రేములన్నీ పోయినట్టే.

గుంపుల మొక్కకు చదరం కంటే 0.5 × 2 మీటర్ల పొడవు ఫ్రేము నయం. గుంపును అడ్డంగా కోస్తుంది, సున్నాలు తగ్గుతాయి.

రంగుచుక్క:
పొడవు ఫ్రేము మంచిదే గానీ చుట్టుకొలత 4 మీటర్ల నుంచి 5కి పెరుగుతుంది, అంచు తగాదాలూ పెరుగుతాయి. 0.25 × 4 దాకా పోతే 8.5 మీటర్లు. అంత దూరం వద్దు.

ఇక పురుగులు. మళ్ళీ దొరికినవి ఎనిమిదే కాబట్టి మీ సూత్రానికి చాప్‌మన్ సవరణ (ప్రతి అంకెకూ ఒకటి కలిపి, చివర ఒకటి తీసేయడం) వాడండి: (51 × 41) ÷ 9 − 1 = 231. మామూలు సూత్రం తక్కువ శాంపిల్‌లో ఎక్కువ చూపిస్తుంది. ప్రామాణిక దోషం (అంచనా మామూలుగా అటూ ఇటూ ఊగే మేర) 59, అంటే అవధి సుమారు 116 నుంచి 347. ఒక్క చుక్క పురుగు అటూ ఇటూ అయితే అంకె ఎలా ఊగుతుందో మీరే వేసి చూడండి: 7 దొరికితే 260, 9 దొరికితే 208.

అందుకే చుక్క జాగ్రత్త. అది రాలిపోతే 8 కాస్తా 6 అవుతుంది, జనాభా ఉబ్బుతుంది. కొన్ని పురుగుల్ని డబ్బాలో ఉంచి మూడు రోజుల్లో ఎన్నింటికి చుక్క నిలిచిందో చూడండి. రంగు రెండు రెక్కల పెంకులు కలిసే గీత మీద పడకూడదు, అతుక్కుంటే రెక్కలు విచ్చుకోవు. ఒకే పెంకు మీద, సూదిమొన అంత. ఆరాకే వదలండి, వదిలేది కప్పుల పక్కన కాదు, గడి అంతటా. కప్పు పక్కనే వదిలితే అదే పురుగు మళ్ళీ పడి లెక్క తగ్గుతుంది. ఒకసారి పడి బెదిరిన పురుగు కప్పు దగ్గరికి రాకపోతే దీనికి తలకిందులు, లెక్క పెరుగుతుంది.

కప్పు అంచు నేలకు సమంగా ఉండాలి. రెండు మిల్లీమీటర్లు పైకి లేచినా పురుగు చుట్టూ తిరిగి పోతుంది. అడుగున చిల్లులు, లోపల కాస్త ఆకు చెత్త ఉంచి, రోజూ పొద్దున్నే తీయండి. లేదంటే పెద్దవి చిన్నవాటిని తినేస్తాయి.

హెక్టారుకు 1,000 అని మాత్రం రాయకండి. గడి బయటి పురుగులూ వచ్చి పడతాయి. అవి 15 మీటర్ల దూరం తిరుగుతాయనుకోండి, గడి చుట్టూ అంత మందం అంచు కలుపుకుంటే కప్పులు లాగే నేల 0.25 హెక్టారు కాదు, 0.62. అప్పుడు ఆ 231 పురుగులు హెక్టారుకు 924 కాదు, సుమారు 372.

గరికపోచ:
ఆ 15 మీటర్లు ఎలా తెలుస్తుంది?

రంగుచుక్క:
ఒకే రంగు చుక్క బదులు ఒక్కో పురుగుకి విడి గుర్తు పెట్టండి. పెంకు మీద చుక్క ఉండే చోటును బట్టి అంకె చదవొచ్చు. ఏది ఏ కప్పులో పడిందో, మళ్ళీ ఏ కప్పులో పడిందో రాసుకుంటే దూరాలు వస్తాయి. రెండుసార్లు చాలదు, కనీసం ఐదారు సార్లు పట్టాలి. ఆ పట్టికే ఉంటే స్థానాల ఆధారంగా సాంద్రత తీసే మోడల్‌కి నేరుగా ఇవ్వొచ్చు, అంచు మందం ఊహించే పని తప్పుతుంది.