జెండాను తగలబెట్టినవాణ్ణి జైలుకు పంపాలా? ఓరుగల్లు గడ్డ మీద ఒక చర్చ

సుబేదారి విద్యార్థి

మా లా కాలేజీ హాస్టల్లో రెండు రోజులుగా ఇదే వాదన. తెగడం లేదు కాబట్టి పెద్దల ముందు పెడుతున్నాను.

1984లో అమెరికాలోని డాలస్ నగరంలో రిపబ్లికన్ పార్టీ జాతీయ సదస్సు జరుగుతుండగా గ్రెగరీ లీ జాన్సన్ అనే నిరసనకారుడు సిటీ హాలు ముందు తమ దేశ జెండాకు నిప్పు పెట్టాడు. అతనికి ఏడాది జైలు, రెండు వేల డాలర్ల జరిమానా పడ్డాయి. 1989లో అక్కడి సుప్రీంకోర్టు అయిదుగురు అటు, నలుగురు ఇటుగా చీలి, అది కూడా భావ ప్రకటనే, శిక్ష చెల్లదని తేల్చింది. మళ్లీ చట్టం చేస్తే 1990లో దాన్నీ కొట్టేసింది. అయినా అక్కడ రగడ ఆగలేదు. 2025 ఆగస్టులో అధ్యక్షుడు ట్రంప్ జెండా కాల్చేవారిపై కేసులు పెట్టాలని ఉత్తర్వు ఇచ్చారు.

అదే పని మన దగ్గర బహిరంగంగా చేస్తే 1971 నాటి జాతీయ గౌరవ చట్టం కింద మూడేళ్ల వరకు జైలు. కాల్చడం, చింపడం, తొక్కడం మాత్రమే కాదు, మాటతో కించపరిచినా నేరమే.

నా పక్షం ముందే చెబుతాను. జెండాను కాల్చడం నాకు నచ్చదు. కాల్చినవాణ్ణి జైల్లో పెట్టడం అంతకంటే నచ్చదు. రాజ్యాంగం 19వ అధికరణలో వాక్ స్వేచ్ఛకు పెట్టిన హద్దులన్నీ వరుసగా చదవండి. దేశ సమగ్రత ఉంది, శాంతిభద్రతలు ఉన్నాయి, పరువు నష్టం ఉంది. జెండా గౌరవం అన్న మాట అందులో లేదు.

పరకాల మాస్టారు

బాబూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. చదువుకున్న పిల్లవాడివి, మర్యాదగానే రాశావు. నేనూ మర్యాదగానే చెబుతాను, కానీ మెత్తగా చెప్పలేను.

మాది పరకాల. 1947 ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగరేస్తే మన దగ్గర ఎగరేయడానికి వీల్లేదు. నిజాం ఒప్పుకోలేదు. సెప్టెంబరు 2న చుట్టుపక్కల పల్లెల నుంచి వందల మంది జెండా ఎగరేద్దామని పరకాలకు నడిచి వచ్చారు. నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. 22 మంది చనిపోయారని మా ఊళ్లో చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. మా పెద్దనాన్న ఆ గుంపులో ఉన్నాడు. అప్పుడు పదహారేళ్లవాడు. ఎడమ మోచేతిలో దిగిన సీసపు గుండు బతికినన్నాళ్లూ అక్కడే ఉంది. అన్నం తినేటప్పుడు ఆ చేయి ఒళ్లో బోర్లా పెట్టుకునేవాడు, పూర్తిగా వంగేది కాదు. చిన్నప్పుడు నేను ఆ గట్టిగా ఉన్నచోట వేలు పెట్టి కదిపేవాణ్ణి, చర్మం కింద కంకరరాయిలా అటూ ఇటూ జరిగేది.

అంతకు ముందు ఏడాది, 1946 ఆగస్టు 11న, వరంగల్ కోటలో జెండా ఎగరేశారన్న కక్షతోనే రజాకార్లు బత్తిని మొగిలయ్యను చంపారు. దేశంలో చాలాచోట్ల జెండా అంటే పండుగ. ఇక్కడ దాన్ని చేతపట్టడమంటే ప్రాణం పణంగా పెట్టడం. అలాంటి గుడ్డను నడివీధిలో తగలబెట్టి, ఇది నా అభిప్రాయం అని ఒకడు అంటే, చనిపోయినవారి ముఖాన ఉమ్మినట్టే అనిపిస్తుంది నాకు.

నిరసనకు దారుల్లేవా? ముఖ్యమంత్రిని తిట్టు, ప్రధానిని తిట్టు, దిష్టిబొమ్మ కాల్చు, ధర్నాకు కూర్చో, నల్లజెండా పట్టుకో. ఒక సంగతి చెబుతాను. 1980లలో నేను ములుగు వైపు ఒక పల్లె బడిలో పనిచేస్తున్నప్పుడు ఆగస్టు 14 రాత్రి అన్నలు వచ్చి మా బడి స్తంభానికి నల్లజెండా కట్టి వెళ్లారు. తెల్లవారి నేను దాన్ని దించి, మడతపెట్టి కిటికీలో ఉంచి, మన జెండా ఎగరేశాను. కాళ్లు వణికాయి, దాచుకోను. కానీ ఆ నల్లజెండా కట్టినవాళ్ల మీద నాకు ఇప్పటికీ అంత కోపం లేదు. వాళ్లు తమ మాట తమ గుడ్డతో చెప్పారు. నా గుడ్డ జోలికి రాలేదు. నీ జెండా నువ్వు కట్టుకోవడం వేరు, నా జెండాను బూడిద చేయడం వేరు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకు.

కాజీపేట రైల్వే

మాస్టారి మాటే నా మాట. 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణమిచ్చిన కర్నల్ సంతోష్ బాబు సూర్యాపేటకు తిరిగి వచ్చింది ఆ జెండా కప్పుకునే. ఆ రోజు నేను టీవీ ముందు నుంచి లేవలేకపోయాను. ఇంతకంటే రాయడానికి నాకు మాటలు రావు.

హనుమకొండ న్యాయవాది

ముందు తమ్ముడికి. 19వ అధికరణ గురించి నువ్వు చెప్పింది అక్షరాలా నిజం, కానీ సగమే. జెండా ఎగరేసే హక్కు కోసం పారిశ్రామికవేత్త నవీన్ జిందాల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2004 జనవరిలో తీర్పు ఇచ్చింది. గౌరవంగా జెండా ఎగరేయడం భావ ప్రకటనా స్వేచ్ఛలో భాగమని చెప్పింది. అదే నోటితో, ఆ హక్కుకు హద్దులున్నాయని, 1971 చట్టం ఆ హద్దుల్లో ఒకటని కూడా చెప్పింది. 51ఎ అధికరణలో జెండాను గౌరవించడం పౌరుల విధి అని 1976లో చేర్చారు. కాబట్టి జాన్సన్ తీర్పు పట్టుకుని మన కోర్టుకు వెళితే నిలబడదు.

ఇక మాస్టారూ, మీ పెద్దనాన్నగారి గురించి చదివి కాసేపు ఆగిపోయాను. అయినా నేను మీతో పూర్తిగా ఏకీభవించలేను, ఎందుకంటే ఈ చట్టం నా దగ్గరకు ఏ రూపంలో వస్తుందో నేను చూశాను.

కొన్నేళ్ల కిందట ఒక చిన్న పట్టణం నుంచి ఆటో నడుపుకునే కుర్రవాణ్ణి అతని అక్క నా దగ్గరకు తీసుకొచ్చింది. ఆగస్టు 15 పొద్దున ఆటో ముందు అద్దానికి జెండా కట్టాడు. కర్ర ఉన్న వైపు చూసుకోక కడితే ఆకుపచ్చ పైకి, కాషాయం కిందికి వచ్చింది. ఎవరో ఫోనులో వీడియో తీసి పంచారు. మధ్యాహ్నానికి స్టేషన్‌కు పిలిపించారు. నాలుగు నెలలు తిరిగాడు, ఆ నాలుగు నెలలూ ఆటో సగం రోజులు ఇంటి ముందే ఉంది. ఎందుకు కట్టావు బాబూ అంటే, "పండుగ కదా మేడం" అన్నాడు. చట్టంలో కాషాయం కిందికి వచ్చేలా "ఉద్దేశపూర్వకంగా" ఎగరేస్తేనే నేరం అని స్పష్టంగా ఉంది. ఆ ఒక్క మాట స్టేషన్‌లో ఎవరూ చదవలేదు.

నిజంగా జెండా కాల్చాలనుకునేవాడు మా దగ్గరకు వచ్చేది అరుదు. వచ్చేది ఇలాంటివారే. శిక్ష అవమానించినవాడికి పడుతుందని మీరు అనుకుంటున్నారు. అది ఎక్కువగా పడేది తెలియనివాడికి.

ఇంకొకటి. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేశారు. జాతీయ గీతం పాడేటప్పుడు నిలబడ్డారు, కానీ తమ మతవిశ్వాసం వల్ల పాడలేదు. 1986లో ఆ పిల్లలను మళ్లీ చేర్చుకోమని తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనం ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయవద్దు అని ముగించారు. పాడకపోవడమూ కాల్చడమూ ఒకటని నేను అనడం లేదు. గౌరవాన్ని లాఠీతో కొలవడం మొదలుపెడితే ఎక్కడ ఆగాలో తెలియదని మాత్రం అంటున్నాను.

జమ్మికుంట పాఠకుడు

2017 ఆగస్టు 15 నుంచి మా ఊళ్లో పొద్దున్నే మైకుల్లో జనగణమన వేయడం మొదలైంది. 52 సెకన్లు. కూరగాయల బండివాడు తక్కెడ పక్కన పెట్టి నిలబడేవాడు. స్కూటరు దిగి నిలబడేవాళ్లం. ఆలోచన పోలీసు ఇన్‌స్పెక్టరుదే, కానీ నిలబడనివాడి మీద కేసు పెట్టగా నేను చూడలేదు. చూసి చూసి అందరూ నిలబడ్డారు. నాకు తెలిసిన గౌరవం ఇదే.

సుబేదారి విద్యార్థి

మాస్టారూ, మీరు కోప్పడినా ఈ మాట అడగాలి. 1947లో నిజాం ప్రభుత్వం కూడా తన జెండా గౌరవం పేరుతోనే మన జెండాను నిషేధించింది కదా? పరకాలకు వచ్చినవాళ్లు అప్పటి ప్రభుత్వం దృష్టిలో నేరస్థులు. రాజ్యం తన గుర్తును చట్టంతో, తుపాకీతో కాపాడుకున్నప్పుడు ఏమవుతుందో మీ పెద్దనాన్నగారి మోచేతికి తెలుసు. అలాంటప్పుడు ఒక జెండాను కాపాడే పని జైలుకు అప్పగించడానికి మనం అందరికంటే ఎక్కువ సంకోచించాలి కదా?

పరకాల మాస్టారు

కోప్పడ్డాను. రాత్రంతా నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున రాస్తున్నాను.

ఆసఫ్‌జాహీ జెండా ఒక కుటుంబానిది. దాన్ని ఎవరూ ఎన్నుకోలేదు. ఈ మూడు రంగుల జెండాను 1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించింది. పింగళి వెంకయ్య 1921లో బెజవాడలో గాంధీకి చూపించిన నమూనా నుంచి ఎన్ని చేతులు మారి, ఎన్ని తగాదాలు దాటి వచ్చిందో నీకు నేను చెప్పనక్కరలేదు. దొర గడీ మీది జెండాకూ గ్రామపంచాయతీ మీది జెండాకూ తేడా లేదంటే ఎలా? నిషేధించినవాడి న్యాయమూ నిషేధాన్ని ఎదిరించినవాడి న్యాయమూ ఒకటే తక్కెడలో పెడితే ఆ తక్కెడ దొంగదే.

కానీ ఒకటి ఒప్పుకుంటాను. ఆటో కుర్రవాడి సంగతి చదివి సిగ్గుపడ్డాను. అతని తప్పేమీ లేదు. పండుగ అనుకుని కట్టాడు. అలాంటివాణ్ణి స్టేషన్ మెట్లు ఎక్కించినవాడే జెండాను అవమానించాడు.

సిరిసిల్ల మగ్గం

మీ అందరి పెద్దమాటల మధ్య మగ్గం మాట ఒకటి వినండి. 2021 డిసెంబరులో నిబంధన మార్చి మిల్లులో నేసిన పాలిస్టర్ జెండాలకు అనుమతి ఇచ్చారు. 2022లో వజ్రోత్సవాలకు ఇంటింటికీ జెండా అన్నారు, సిరిసిల్లలో మరమగ్గాలు పగలూ రాత్రీ ఆడాయి. మా ఇంట్లో నాలుగు మగ్గాలు. ఆ నెల మాకు చేతినిండా పని, అబద్ధం చెప్పను. కట్ట కట్టి పంపేముందు మా అత్తమ్మ ప్రతి కట్టకూ దండం పెట్టేది.

పంద్రాగస్టు వెళ్లిన మూడో రోజు బజారుకు వెళితే మురికి కాలువలో ప్లాస్టిక్ కప్పుల మధ్య ఒక జెండా. మా మగ్గం మీదిదో, పక్కింటి మగ్గం మీదిదో. చక్రం మీద బురద. కాగితపు జెండాలైతే లెక్కలేదు, బండ్ల కింద నలిగి రోడ్డుకు అతుక్కుపోయాయి. వాటిని పారేసినవాళ్లలో ఒక్కరికీ దేశం మీద ద్వేషం లేదు, అందరూ ముందురోజు జై కొట్టినవాళ్లే. మీరంతా ఎవడో ఒకడు కాలుస్తాడేమోనని పోట్లాడుతున్నారు. నాకు కనబడింది ఆ కాలువ.

తీసుకొచ్చి కడిగాను. చిరిగిపోయింది. పాడైన జెండాను ఎవరూ చూడనిచోట, మర్యాదగా, పూర్తిగా దహనం చేయడం మేలని నిబంధనల్లో ఉందట కదా. అలాగే చేద్దామని పెరట్లో పెట్టాను. పాలిస్టర్ కాలదు, కరుగుతుంది. నల్లటి బొట్లుగా కారి ఇటుకకు అంటుకుంది. కత్తితో గీకితే గానీ రాలేదు. ఆ ఇటుకను ఏం చేయాలో ఇప్పటికీ తెలియక గోడ మీదే పెట్టాను.

పరకాల మాస్టారు

అమ్మా, నేనూ ఒకసారి కాల్చాను. పదవీ విరమణకు ముందు సంవత్సరం, బడి బీరువాలో పాత ఖద్దరు జెండా ఉండేది. కాషాయం వెలిసి గంధం రంగుకు వచ్చింది, చక్రం దగ్గర పోగులు విడిపోయాయి. పిల్లలు ఇళ్లకు వెళ్లాక నేనూ అటెండరూ వంటగది వెనుక రెండు ఇటుకలు పేర్చి దాన్ని చదరంగా మడిచి పెట్టాం. చేయి ఆడలేదు. అగ్గిపెట్టె అటెండరే గీశాడు. ఖద్దరు కదా, నిమిషంలో తెల్లటి బూడిద అయింది. వేపచెట్టు మొదట్లో పోశాం. చెప్పులు విడిచి నిలబడ్డాం, ఎవరు విడవమన్నారో గుర్తులేదు.

హనుమకొండ న్యాయవాది

మాస్టారూ, మీరు పెట్టిందీ నిప్పే, డాలస్‌లో పెట్టిందీ నిప్పే. తేడా మనసులో ఉంది. ఆ మనసును చదవవలసింది ఎవరు? గోడ అవతలి నుంచి ఎవరైనా మిమ్మల్ని ఫోనులో తీసి ఉంటే, మరునాడు స్టేషన్‌లో కూర్చుని వివరించవలసింది మీరే.

పరకాల మాస్టారు

దానికి నా దగ్గర జవాబు లేదమ్మా. నిన్నటి నుంచి వెతుకుతున్నాను.

చట్టం ఉండాలనే ఇప్పటికీ అంటాను. కావాలని, నలుగురి ముందు, అవమానించడానికే కాల్చినవాడికి శిక్ష ఉండాలి. జైలే అవసరమా అంటే, మొదటిసారి జరిమానాతో సరిపెట్టవచ్చేమో, అంతవరకు దిగుతాను. ఆ కింద దిగలేను. తెలియక చేసినవాణ్ణి స్టేషన్‌కు లాగకుండా ఉండే దారి మీరు న్యాయం చదివినవాళ్లు చెప్పండి, సంతకం మొదట నేను పెడతాను. బాబూ, నువ్వు సెప్టెంబరు 2న అమరధామం దగ్గరకు రా. నా మాట ఒప్పుకోమని పిలవడం లేదు. అక్కడ ఆ శిలల ముందు నిలబడి నువ్వు ఇదే మాట అంటే ఎలా ఉంటుందో నాకు వినాలని ఉంది.

సుబేదారి విద్యార్థి

వస్తాను మాస్టారూ. హనుమకొండ నుంచి పొద్దున ఏడు గంటల బస్సుకు. అదే మాట అంటాను.