మూడు కార్డుల టారోలో ‘డెత్’ వస్తే ఏమని అర్థం చేసుకోవాలి?

ప్రశ్న: ఉద్యోగం మారాలా వద్దా అని తలచుకుని, గతం, వర్తమానం, భవిష్యత్తు అనే వరుసలో మూడు టారో కార్డులు (జోస్యానికి వాడే బొమ్మల ముక్కలు) తీశాను. మూడవది ‘డెత్’ (మరణం) వచ్చింది. దీనిని కీడుగానే భావించాలా? అనుభవజ్ఞులు వివరించగలరు.

జవాబు 1: భయపడనవసరం లేదండీ. టారో కట్టలో ప్రధానమైనవిగా భావించే 22 ‘మేజర్ ఆర్కానా’ కార్డులలో 13వ సంఖ్య గల ఈ కార్డును సాధారణంగా ఒక దశ ముగిసి మరొకటి మొదలవడంగానే చదువుతారు. 1909లో వెలువడిన రైడర్-వెయిట్ అనే టారో కట్టకు పమేలా కోల్మన్ స్మిత్ గీసిన బొమ్మలో అస్థిపంజరం గుర్రమెక్కి వస్తున్నప్పటికీ, దూరాన రెండు స్తంభాల నడుమ సూర్యుడు కనిపిస్తాడు. అసలు చిక్కు మీ ప్రశ్నలో ఉంది. అవును, కాదు అని తేల్చే ప్రశ్నకు ఈ వరుస అంతగా నప్పదు కనుక, పరిస్థితి, అడ్డంకి, నేను చేయగలిగినది అని స్థానాలను ముందే నిర్ణయించుకుని, ‘ఈ మార్పులో నేను దేనిని పట్టించుకోవడం లేదు?’ అని అడిగి చూడండి.

జవాబు 2: నచ్చిన కార్డు వచ్చేదాకా మళ్లీ మళ్లీ తీయకండి.

జవాబు 3: 15వ శతాబ్దపు ఇటలీలో ఆటముక్కలుగా పుట్టిన ఈ కార్డులు భవిష్యత్తు చెబుతాయని నేను నమ్మను. అయినా ఆలోచన రేకెత్తించడానికి అవి పనికివస్తాయి. జీతం, నోటీసు గడువు మాత్రం విడిగా లెక్కవేసుకోండి.