అప్‌డేట్: బయాస్‌లో ఓవర్‌క్లాకింగ్ ఆప్షన్ ఎందుకు లేదో తెలిసింది

రెడీమేడ్ గేమింగ్ పీసీలో కోర్ ఐ7-12700కె ప్రాసెసర్ ఉన్నా, బయాస్‌లో (పీసీ ఆన్ చేసేటప్పుడు తెరిచే సెట్టింగుల మెనూ) మల్టిప్లయర్ పెంచే ఆప్షన్, అంటే ప్రాసెసర్‌ని మామూలు కంటే వేగంగా నడిపే (ఓవర్‌క్లాకింగ్) సెట్టింగ్ కనిపించట్లేదని అడిగాను కదా. కారణం మదర్‌బోర్డ్. మీరు చెప్పినట్టే సీపీయూ-జెడ్‌లో (పీసీ భాగాల వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్) మెయిన్‌బోర్డ్ ట్యాబ్ చూశాను, చిప్‌సెట్ (బోర్డులో ఏ సౌకర్యాలు ఉంటాయో నిర్ణయించే చిప్) బీ660 అని ఉంది. ప్రాసెసర్ అన్‌లాక్డ్ (మల్టిప్లయర్ మార్చుకోగలిగేది, పేరు చివర ‘కె’కి అర్థం అదే) అయినా, ఈ తరంలో మల్టిప్లయర్ పెంచడానికి ఇంటెల్ అనుమతిచ్చింది జెడ్690, జెడ్790 బోర్డులకే. ప్రకటనలో ‘కె’ అని పెద్దగా వేసి చిప్‌సెట్ పేరే రాయకపోవడం కొనేవాళ్లకి అన్యాయం.

బీ660లో మెమరీ ఓవర్‌క్లాకింగ్ మాత్రం ఉంది. నా 3600 స్పీడ్ ర్యామ్ ఇన్నాళ్లూ 2666 దగ్గరే నడిచింది, ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి స్పీడ్‌లో నడిపే బయాస్ సెట్టింగ్) ఆన్ చేశాక గేమ్‌లో తడబాటు బాగా తగ్గింది. బోర్డు మార్చను. ఈ ప్రాసెసర్ టర్బోలో (అవసరమైనప్పుడు వేగం పెంచుకునే మోడ్) తనంతట తానే 5 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, పైగా ఇందులో ఉన్న చిన్న కూలర్ అంతకంటే ఎక్కువ వేడిని తట్టుకోలేదు. సాయం చేసిన అందరికీ చాలా థ్యాంక్స్.