‘ఐ హావ్ డిఫికల్టీ టు స్పీక్’ అని రాసిన విద్యార్థికి మార్కులు వేయాలా, కోయాలా?

నకిరేకల్ టీచర్:
మా తొమ్మిదో తరగతి పిల్లలకు స్లిప్ టెస్టులో, తమకు కష్టమనిపించే పనుల గురించి ఇంగ్లిషులో ఐదు వాక్యాలు రాయమన్నాను. దిద్దుతుంటే మూడు రకాల వాక్యాలు పదే పదే కనిపించాయి: ‘ఐ హావ్ డిఫికల్టీ టు స్పీక్ ఇంగ్లిష్’, ‘ఐ ఫైండ్ డిఫికల్ట్ టు డూ మ్యాథ్స్’, ‘ఐ యామ్ డిఫికల్ట్ టు కమ్ ఎర్లీ’. మా బడిలోనే ఒక సారు మూడింటికీ సున్నా వేయమంటున్నారు. మరో మేడం, భావం తెలుస్తున్నది కాబట్టి మూడింటికీ మార్కులు వేయమంటున్నారు. ఇంగ్లిషు బోధించే మిత్రులు తమ అభిప్రాయం చెప్పగలరు.

మిర్యాలగూడ మాస్టారు:
మూడూ తప్పులే, మూడింటికీ సున్నాయే. ‘హావ్ డిఫికల్టీ’ తర్వాత ‘ఇన్ స్పీకింగ్’ రావాలి తప్ప ‘టు స్పీక్’ రాకూడదు. ‘ఫైండ్’ తర్వాత ‘ఇట్’ ఉండి తీరాలి. ‘ఐ ఫైండ్ ఇట్ డిఫికల్ట్ టు డూ మ్యాథ్స్’ అన్నదే వాక్యం. మూడోదాన్ని ‘ఇట్ ఈజ్ డిఫికల్ట్ ఫర్ మీ టు కమ్ ఎర్లీ’ అని రాయాలి. ఇవి ఏ వ్యాకరణ పుస్తకంలోనైనా దొరికే నియమాలు. భావం తెలిసింది కదా అని వదిలేస్తే, పదో తరగతి ప్రశ్నపత్రంలో తప్పులు దిద్దమన్నప్పుడు ఆ పిల్లలకు తప్పు తప్పుగానే కనిపించదు.

పాలమూరు పాఠకుడు:
మాస్టారు చెప్పిందే సరైనది. ఇందులో చర్చించడానికి ఏమీ లేదు.

దేవరకొండ ట్యూషన్:
చర్చించడానికి చాలా ఉంది. ఈ మూడు తప్పులూ ఒక్క తూకానివి కావు. మొదటి రెండింటిలో అమరిక చెడింది కానీ అర్థం నిలిచింది. మూడోదానిలో అర్థమే తలకిందులైంది. ఇంగ్లిషులో ‘డిఫికల్ట్’, ‘హార్డ్’, ‘ఈజీ’ వంటి మాటలకు ఒక ప్రత్యేకత ఉంది. ‘దిస్ సమ్ ఈజ్ డిఫికల్ట్ టు డూ’ అన్నప్పుడు ముందు కూర్చున్న ‘సమ్’ పని చేసేది కాదు, చేయబడేది. ‘హీ ఈజ్ డిఫికల్ట్ టు అండర్‌స్టాండ్’ అంటే అతనికి పాఠం ఎక్కడం లేదని కాదు, అతని మాట మనకు అంతుపట్టడం లేదని. ‘ఐ యామ్ డిఫికల్ట్ టు ప్లీజ్’ నిక్షేపంగా సరైన వాక్యం, ఎందుకంటే అక్కడ మెప్పించబడాల్సింది ‘నేను’. ‘కమ్’కు అట్లాంటి కర్మ లేదు కాబట్టి ‘ఐ యామ్ డిఫికల్ట్ టు కమ్’ నిలబడదు. ‘జాన్ ఈజ్ ఈజీ టు ప్లీజ్’, ‘జాన్ ఈజ్ ఈగర్ టు ప్లీజ్’ అనే రెండు వాక్యాలు పైకి ఒకేలా ఉన్నా లోపల వేరని (మొదటిదానిలో జాన్‌ను ఇతరులు మెప్పిస్తారు, రెండోదానిలో జాన్ ఇతరులను మెప్పించాలని చూస్తాడు) భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ 1960లలో చూపించింది ఈ సంగతినే. మన పిల్లవాడు ‘నాకు కష్టం’లోని ‘నాకు’ను వాక్యం మొదట్లో ‘ఐ’గా పెట్టేస్తాడు, అంతే. దీన్ని విడమరిచి చెప్పకుండా సున్నా వేస్తే వాడికి తెలిసేది సున్నా ఒక్కటే.

ఇంకొక మాట. ‘ఇన్’ తప్పనిసరి కాదు. ‘ఐ హావ్ డిఫికల్టీ స్పీకింగ్ ఇంగ్లిష్’ కూడా ప్రామాణికమే.

మిర్యాలగూడ మాస్టారు:
‘ఇన్’ లేకుండా నేను ఎన్నడూ బోధించలేదు, నాకు బోధించినవారూ లేరు. ‘డిఫికల్టీ’ నామవాచకం, ‘స్పీకింగ్’ కూడా నామవాచకంలాగే పనిచేస్తున్నది. రెండింటినీ కలపడానికి విభక్తి ప్రత్యయం వంటిది ఒకటి ఉండాలి కదా.

దేవరకొండ ట్యూషన్:
అట్లా అయితే ‘ఐ హావ్ ట్రబుల్ స్లీపింగ్’, ‘ఐ హాడ్ ఎ హార్డ్ టైమ్ ఫైండింగ్ ది హౌస్’ అనే వాక్యాలను ఏమంటారు? వాటిలో ‘ఇన్’ పెట్టకపోవడమే ఎక్కువ వాడుక. నియమం అసలు ఊపిరి ‘ఇంగ్’లో ఉంది. మీరు ‘ఇన్’ను పట్టుకొని వేలాడుతున్నారు.

గ్రూప్స్ అభ్యర్థి, సూర్యాపేట:
మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. ‘దిస్ సమ్ ఈజ్ ఇంపాసిబుల్ టు డూ’ సరైనదైతే ‘దిస్ సమ్ ఈజ్ పాసిబుల్ టు డూ’ అని కూడా రాయవచ్చా?

దేవరకొండ ట్యూషన్:
మొదటిది రాయవచ్చు. రెండోది చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘ఇట్ ఈజ్ పాసిబుల్ టు డూ దిస్ సమ్’ అని రాయడమే మేలు. అట్లాగే ‘దిస్ సమ్ ఈజ్ డిఫికల్ట్ టు డూ ఇట్’ అని చివర ‘ఇట్’ తగిలించకండి. ‘హీ ఈజ్ డిఫికల్ట్ టు టాక్ టు’లోని చివరి ‘టు’ను మాత్రం ఎగరగొట్టకండి.

మిర్యాలగూడ మాస్టారు:
చూశారా, ఒక ‘టు’ను ఎగరగొట్టవద్దని ఆయనే అంటారు, ఒక ‘ఇన్’ను ఎగరగొట్టవచ్చని ఆయనే అంటారు. పిల్లలకు ఒక దారి చూపించకపోతే ట్యూషన్లకు గిరాకీ ఎట్లా తగ్గుతుంది?

దేవరకొండ ట్యూషన్:
ఆ మాట మీ స్థాయికి తగదు సార్. నా దగ్గర ఫీజు కట్టకుండా చదువుకునే తండా పిల్లలు ఎందరున్నారో మీకు తెలియదు. ఎర్ర సిరాతో కాగితం నింపడమే బోధన అనుకునేవారు వదిలేసిన పిల్లలే నా దగ్గరికి వస్తున్నారు.

నిర్వాహకులు:
వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు. విషయంపైనే రాయండి.

అచ్చంపేట నుంచి ఒక సభ్యురాలు:
నేను ఇంగ్లిషు టీచర్‌ను కాదు, సాంఘిక శాస్త్రం చెబుతాను. ఒక ప్రైవేటు బడిలో కొత్తగా చేరినప్పుడు సెలవు చీటీలో ‘ఐ యామ్ డిఫికల్ట్ టు కమ్ టుమారో’ అని రాశాను. హెడ్మాస్టరు దాన్ని స్టాఫ్ రూములో పైకి చదివి, ‘మీరు డిఫికల్ట్ అని మాకు ముందే తెలుసు’ అన్నారు. అందరూ నవ్వారు. ఎక్కడ పొరపాటు జరిగిందో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత నేను ‘డిఫికల్ట్’ అనే మాట జోలికే పోకుండా ప్రతి చీటీలోనూ ‘ఐ కెనాట్ కమ్’ అని రాస్తూ వచ్చాను. దానితో పొగరుబోతునన్న పేరు వచ్చింది. కష్టమని చెప్పుకోవడానికీ, రానని తెగేసి చెప్పడానికీ మధ్య ఉన్న తేడా నాకు ఈ చర్చ చదివాకే స్పష్టమైంది.

మిర్యాలగూడ మాస్టారు:
అమ్మా, మీకు జరిగింది బాధాకరం. నేను అంటున్నదీ ఇదే. బడిలో ఎవరైనా సున్నా వేసి దిద్దించి ఉంటే స్టాఫ్ రూములో ఆ నవ్వు వినాల్సి వచ్చేది కాదు.

దేవరకొండ ట్యూషన్:
అదే ఉదంతం నాకు వేరుగా కనిపిస్తున్నది. ఆమెను దెబ్బతీసింది తప్పు కాదు, నవ్వు. నలుగురూ నవ్విన తర్వాత మనిషి ఆ వాక్యాన్ని దిద్దుకోదు, దాని నుంచి పారిపోతుంది. మీ సున్నా కూడా పిల్లవాడికి అట్లాగే పనిచేస్తుంది. రేపు వాడు ఐదు వాక్యాలకు బదులు రెండు రాస్తాడు, ఆ రెండింటిలోనూ ‘కెనాట్’ ఉంటుంది.

మిర్యాలగూడ మాస్టారు:
ఇప్పుడు సూటిగా చెబుతాను. ‘ఇన్’ ఉన్నా లేకున్నా నా ప్రాణం పోదు. నేను తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవాణ్ణి. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఆంగ్ల మాధ్యమం తెచ్చారు. అప్పుడు నడుమ తరగతుల్లో తెలుగు వదిలి మారిన పిల్లలే ఇప్పుడు మా ముందు కూర్చున్నారు. రేపు వీళ్లు ఉద్యోగం కోసం హైదరాబాదులో ఎవరి ముందో కూర్చుంటారు. ఆ ఎదుటివాడు, అర్థం చెడని తప్పు, అర్థం చెడిన తప్పు అని వేరు చేసి చూస్తాడా? పెద్దింటి పిల్లవాడు ‘ఇన్’ వదిలితే వాడుక అంటారు, మా పిల్లవాడు వదిలితే రాదంటారు. అందుకే నా పిల్లల దగ్గర వేలు పెట్టి చూపడానికి ఒక్క తప్పు కూడా ఉండకూడదు.

దేవరకొండ ట్యూషన్:
ఈ మాట మొదటే అని ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. మీ భయాన్ని నేను కాదనను. కానీ మీరు ఆ ఇంటర్వ్యూ గదిలో ఉన్నవాడి కోసం దిద్దుతున్నారు, నేను బల్ల మీద ఉన్న పిల్లవాడి కోసం దిద్దుతున్నాను. తొమ్మిదో తరగతి స్లిప్ టెస్టులో ఆ రెండోవాడే ముందు రావాలని నా వాదన.

మిర్యాలగూడ మాస్టారు:
బల్ల మీది పిల్లవాడే ఆ గదిలోకి పోయేది. ఇద్దరు లేరు సార్.

నకిరేకల్ టీచర్:
ఇద్దరికీ ధన్యవాదాలు. ‘డిఫికల్టీ టు స్పీక్’కూ, ‘ఇట్’ లేని ‘ఫైండ్’కూ సగం మార్కు తగ్గించి, సరైన రూపం పైన రాసి ఇస్తాను. ‘ఐ యామ్ డిఫికల్ట్ టు కమ్’కు ఇప్పుడు మార్కు వేయను; ‘హీ ఈజ్ డిఫికల్ట్ టు అండర్‌స్టాండ్’ను, ‘హీ హాజ్ డిఫికల్టీ అండర్‌స్టాండింగ్’ను బోర్డు మీద పక్కపక్కన రాసి, ఎవరు ఎవరికి అర్థం కావడం లేదో పిల్లల చేతనే చెప్పించి, సొంతంగా తిరగరాసినవారికి ఆ మార్కు ఇస్తాను.

మిర్యాలగూడ మాస్టారు:
తిరగరాయించడం మంచిదే, చేయండి. మార్కు తిరిగి ఇవ్వడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. బోర్డు మీద ‘అండర్‌స్టాండింగ్’కు ముందు ‘ఇన్’ కూడా పెట్టండి.