అంకెలు మార్చిన ప్రశ్న, అంకెలు మారని జవాబు: డిగ్రీ మొదటి సెమిస్టర్ కాలిక్యులస్‌లో మార్కులు ఎలా వేయాలి?

పానగల్లు లెక్కలు (చర్చ ప్రారంభించినవారు)

నేను నల్లగొండ జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలలో గణితం బోధిస్తున్నాను. బీఎస్సీ మొదటి సెమిస్టర్‌లో మా విద్యార్థులకు అవకలన, సమాకలన గణితం (డిఫరెన్షియల్, ఇంటిగ్రల్ కాలిక్యులస్) ఉంటుంది. సిలబస్ పాక్షిక అవకలనంతో మొదలై, ఆయిలర్ సిద్ధాంతం, వక్రత మీదుగా భ్రమణ ఘనాల ఘనపరిమాణాల దాకా సాగుతుంది. ఒకే చలరాశి ఉన్న ప్రమేయానికి అవకలజం కట్టడం వచ్చినవారికే ఈ పేపరు అని ఎక్కడా రాయలేదు గాని, మొదటి అధ్యాయం తెరిస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. అందుకని తొలి వారాల్లో ఇంటర్ మొదటి సంవత్సరపు గణితం 1బి పాఠాలు మళ్లీ చెప్పి, 20 మార్కుల ఇంటర్నల్‌లో 8 మార్కుల ప్రశ్న ఒకటి వాటి నుంచి ఇచ్చాను.

తలకిందులుగా నిలిపిన శంకువు ఆకారపు తొట్టి ఎత్తు 6 మీటర్లు, పై అంచు వ్యాసార్ధం 3 మీటర్లు. అందులో నిమిషానికి 2 ఘనపు మీటర్ల చొప్పున నీరు పడుతున్నది. లోతు 2 మీటర్లు ఉన్న క్షణంలో నీటిమట్టం ఎంత వేగంతో పెరుగుతుంది? ఇదీ ప్రశ్న. తరగతిలో బోర్డు మీద చేసిన లెక్కలో వ్యాసార్ధం 2 మీటర్లు, తక్కిన అంకెలన్నీ ఇవే.

ఒక అమ్మాయి నీటి ఉపరితలం వ్యాసార్ధం లోతులో మూడో వంతు అని, ఘనపరిమాణం పై (π) హెచ్ ఘనం బై 27 అని (హెచ్ అంటే నీటి లోతు) రాసి, కాలం దృష్ట్యా అవకలనం చేసి, నిమిషానికి 9 బై 2పై మీటర్లు అని తేల్చింది. అంటే దాదాపు 1.43. నేనిచ్చిన తొట్టిలో వ్యాసార్ధం లోతులో సగం, ఘనపరిమాణం పై హెచ్ ఘనం బై 12, జవాబు 2 బై పై, అంటే దాదాపు 0.64. ఆమె మెట్లలో ఎక్కడా తప్పు లేదు, అది బోర్డు మీది తొట్టి, అంతే. ఇలాంటి పత్రాలు ఇంకా కొన్ని ఉన్నాయి. మార్కులు ఇంకా నోటీసు బోర్డుకు ఎక్కించలేదు. 8లో ఎన్ని వేయాలంటారు?

శూన్యం

ఏ తొట్టి అయితేనేం సార్, నీళ్లు నిండినాయి కదా. పాస్ చేయండి.

హాలియా కాలువ

ప్రశ్న సిలబస్‌లో లేదని మీరే రాశారు. లేని దాని మీద 8 మార్కులు పెట్టి, ఇప్పుడు ఎన్ని వేయాలని అడగడం ఏమిటి? అందరికీ 8కి 8 వేసి ఆ ప్రశ్నను రద్దు చేయడమే న్యాయం.

పాలమూరు గెస్ట్

మహబూబ్‌నగర్ వైపు గెస్ట్ లెక్చరర్‌గా ఇదే పేపరు చెబుతున్నాను. నేనైతే ఐదు వేస్తాను. ఈ లెక్కలో అసలు పరీక్షించే విషయాలు మూడు: సరూప త్రిభుజాలతో ఒక చలరాశిని తొలగించడం, గొలుసు సూత్రంతో (చైన్ రూల్) కాలం దృష్ట్యా అవకలనం చేయడం, కోరిన క్షణంలో విలువను ప్రతిక్షేపించడం. మూడూ ఆ అమ్మాయికి వచ్చు. నిష్పత్తి ఒక్కటి తప్పింది, దాని వల్ల తర్వాతి అంకెలన్నీ మారాయి. ఒకసారి జరిగిన తప్పుకు ఒకసారే మార్కులు తీయాలి గాని, అది కిందికి పాకిన ప్రతి చోటా తీయకూడదు. సెమిస్టర్ పేపర్లు దిద్దేటప్పుడు స్టెప్ మార్కులు వేసే మనం ఇంటర్నల్స్‌లో మాత్రం ఎందుకు బిగుసుకోవాలి?

పానగల్లు లెక్కలు

గెస్ట్ గారూ, మీ వాదన పొరపాటున చూసుకోనివారికి సరిపోతుంది. ఆమె పత్రంలో పై వరుసలో ‘దత్తాంశం: ఎత్తు 6, వ్యాసార్ధం 3’ అని శుభ్రంగా రాసుకుంది. దాని కింది వరుసలోనే వ్యాసార్ధం లోతులో మూడో వంతు అయింది. 3 బై 6 ఎంతో తెలియని పిల్ల కాదు. ఆ 3 ఆమె కలంలోంచి వచ్చింది గాని లెక్కలోకి రాలేదు. సరూప త్రిభుజాలు ఆమెకు వచ్చునని మీరు అంటున్నారు, వాటిని ఆమె వాడిందనడానికి ఆ పత్రంలో ఏ ఆధారమూ లేదు. ఆధారం లేని చోట స్టెప్ మార్కు దేనికి వేయాలి?

హాలియా గారూ, పూర్వజ్ఞానాన్ని పరీక్షించడం సిలబస్ దాటడం కిందికి రాదు.

హాలియా కాలువ

వస్తుంది. విశ్వవిద్యాలయం అచ్చు వేసిన సిలబస్ కాగితంలో శంకువు తొట్టి ఎక్కడుందో చూపించండి.

మిర్యాలగూడ కుర్రాడు

అసలు కాలిక్యులస్ చెప్పేవారికి మార్కులు తీయడమంటే ఎందుకంత మక్కువో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేను బీటెక్ మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు సమాకలనం చేసి చివర ‘ప్లస్ సి’ (సి అంటే స్థిరాంకం) రాయకపోతే ప్రతి లెక్కకూ అర మార్కు తీసేవారు. అలా అర్ధాలు పోయి పోయి ఆ పేపర్లో నాకు బ్యాక్‌లాగ్ మిగిలింది. ఉద్యోగంలో చేరి ఇన్నేళ్లయింది, ‘మీ సి ఎక్కడ’ అని నన్ను ఎవరూ అడగలేదు. ఇప్పుడు జేఎన్‌టీయూ 2022లో తెచ్చిన ఆర్22 నిబంధనల్లో ఇంటర్నల్స్ 40, పరీక్ష 60 అయ్యాయి కాబట్టి ఈ కాలం పిల్లలకు కాస్త ఊపిరి ఆడుతున్నట్టుంది. మా రోజుల్లో అదీ లేదు.

పానగల్లు లెక్కలు

చర్చ తొట్టి గురించి, అయినా అడిగారు కాబట్టి చెబుతాను. సైన్ ఎక్స్, కాస్ ఎక్స్‌ల లబ్ధాన్ని సమాకలనం చేయండి. సైన్‌ను ప్రతిక్షేపించినవారికి సైన్ వర్గం బై 2 వస్తుంది. కాస్‌ను ప్రతిక్షేపించినవారికి మైనస్ కాస్ వర్గం బై 2 వస్తుంది. ఇద్దరివీ ఒప్పే. స్థిరాంకం రాయకుండా ఆ రెండింటినీ సమానమని పెడితే, సైన్ వర్గం, కాస్ వర్గం కలిపి సున్న అని తేలుతుంది. అది ఒకటని పదో తరగతి నుంచి చదువుతున్నాం. రెండు జవాబులకూ ఉన్న తేడా సరిగ్గా అర, ఆ అరను మోసేది మీరు వదిలేసిన ‘సి’. మీకు తీసిన అర మార్కు ఎక్కువో తక్కువో నేను చెప్పలేను గాని, అది చాదస్తం మాత్రం కాదు.

మిర్యాలగూడ కుర్రాడు

ఈ రెండు జవాబులు పక్కపక్కన పెట్టి ఆనాడు ఒక్కరు చూపించి ఉంటే నేను ‘సి’ మరచిపోయేవాణ్ణి కాదు. మాకు చెప్పింది ‘రాయకపోతే మార్కు పోతుంది’ అన్న ముక్క ఒక్కటే.

చందంపేట చదువరి

హాలియా గారు సిలబస్ కాగితాన్ని పట్టుకుని వేలాడుతున్నారు గాని, ఈ పిల్లలు ఇంటర్ ఎలా దాటి వచ్చారో ఎవరూ మాట్లాడటం లేదు. నిన్నమొన్నటి వరకు నడిచిన 1బి పేపరునే చూడండి. మొత్తం 75 మార్కులు, పాస్ కావడానికి 26. ఏడేసి మార్కుల పెద్ద ప్రశ్నలు ఏడు ఇచ్చి ఐదు రాయమనేవారు. వాటిలో సరళరేఖ, సరళరేఖాయుగ్మాలు, దిక్ కొసైన్ల నుంచి వచ్చేవే నాలుగు, అంటే 28 మార్కులు. అవకలనం అనే మాట ముట్టుకోకుండా 1బి గట్టెక్కే వీలుండేది. వెనుకబడిన పిల్లలకు కాలేజీలే ఈ దారి చూపించేవి, నాకూ అలాగే చూపించారు. ఇక మార్పు రేటు లెక్కలు నాలుగు మార్కుల ఛాయిస్ ప్రశ్నల్లో ఉండేవి, వాటిని వదిలేయడం ఇంకా సులువు. పానగల్లు గారు పూర్వజ్ఞానం అంటున్నది చాలామందికి పూర్వం లేనేలేదు.

పానగల్లు లెక్కలు

చందంపేట గారు చెప్పింది అక్షరాలా నిజం, నా ఫిర్యాదు కూడా అదే. ఇంటర్‌లో ‘ఇవి చదివితే చాలు’ అని ఒక కాగితం ఇస్తారు. డిగ్రీకి వచ్చాక కొందరు లెక్చరర్లు మళ్లీ ‘ఇంపార్టెంట్ క్వశ్చన్స్’ అని ఇంకో కాగితం చేతిలో పెడతారు. ఆ కాగితాలు పంచేవారు తయారు చేసిందే నా చేతిలో ఉన్న ఈ జవాబుపత్రం. దానికి ఐదు వేయమనడం వారికి సహజమే.

పాలమూరు గెస్ట్

నన్నే అంటున్నారని అర్థమైంది, కాబట్టి దాచకుండా చెబుతాను. అవును, నేను ఇంపార్టెంట్ క్వశ్చన్స్ ఇస్తాను. మీది పర్మనెంటు ఉద్యోగం. మా ఉద్యోగం ఏటా జూన్‌లో మళ్లీ మొదలవుతుంది, జీతం పీరియడ్ల లెక్కన వస్తుంది, వచ్చే ఏడు పిలవాలా వద్దా అన్న మాట వచ్చినప్పుడు ముందుగా అడిగేది నా సబ్జెక్టు పాస్ శాతం. మీరు తొలి వారాలు ఇంటర్ పాఠాలకు కేటాయించానని రాశారు. నేను ఆ పని చేస్తే ‘సిలబస్ వెనకబడింది’ అని మెమో చేతికి వస్తుంది. సూత్రాలు పాటించడానికి తీరిక, భద్రత ఉన్నవారు, అవి లేనివారిని కాగితాలు పంచేవారని వెక్కిరించడం చూస్తుంటే నాకు ఒళ్లు మండుతున్నది. ఆ అమ్మాయికి మీరు వేసే తక్కువ మార్కులు నేర్పేదేమిటో కూడా చెప్పండి. తొట్టి అంకెలు చూసుకోవాలని నేర్చుకుంటుందా, మీ పేపరుకు భయపడటం నేర్చుకుంటుందా?

పానగల్లు లెక్కలు

ఇంటర్నల్‌లో పోయేది ఎనిమిదిలో కొన్ని మార్కులు. ఇదే అలవాటుతో 80 మార్కుల సెమిస్టర్ పరీక్షకు కూర్చుంటే ఎంత పోతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇప్పుడే తెలియడం ఆమెకు మేలు. మీ ఉద్యోగ పరిస్థితి నాకు తెలియనిది కాదు, అయితే దాని భారం మార్కుల రూపంలో పిల్లల మీదికి మళ్లించడాన్ని నేను ఒప్పుకోను. ఈ పేపర్లో 60 వచ్చిందని మార్కుల మెమో మీద ఉంటే, రెండో సెమిస్టర్‌లో అవకలన సమీకరణాలు చెప్పే మనిషి దాన్ని నమ్మి పాఠం మొదలుపెడతాడు.

శూన్యం

ఎవరూ ఏ మెమోనూ నమ్మడం లేదని అందరికీ తెలుసు సార్.

దేవరకొండ నాన్న

ఇన్ని రోజులుగా మౌనంగా చదువుతున్నాను. నాకు మీ లెక్క అర్థం కాదు, ఎనిమిదికి ఐదో, అంతకు తక్కువో నేను చెప్పలేను. మా అమ్మాయి వేరే కాలేజీలో బీఎస్సీ మొదటి సంవత్సరం చదువుతున్నది. లెక్కల ఇంటర్నల్‌లో 20కి 4 వచ్చాయని నోటీసు బోర్డు మీద హాల్ టికెట్ నంబరు పక్కన చూసుకుంది. ఏ ప్రశ్నకు ఎన్ని వచ్చాయో తెలియదు, పేపరు ఇవ్వలేదు. నేను పనిమానుకుని వెళ్లి అడిగితే, సెమిస్టర్ పేపరుకైతే రీవాల్యుయేషన్ ఉంటుంది, ఇంటర్నల్‌కు అలాంటిది లేదన్నారు. ఆ రోజు నుంచి అమ్మాయి లెక్కల క్లాసుకు పోవడానికి జంకుతున్నది. ఫీజు రీయింబర్స్‌మెంట్ నిలవాలంటే 75 శాతం హాజరు ఉండాలి, అది తగ్గితే చదువు మాన్పించి సంబంధాలు చూద్దామని మా ఇంట్లో పెద్దవాళ్లు అప్పుడే ఎత్తుకున్నారు. పానగల్లు సార్, ఇప్పుడే తెలియడం మేలన్నారు. మా పిల్లకు తెలిసింది ఏమిటి? నాలుగు అనే అంకె ఒక్కటే తెలిసింది. మీ దగ్గరైనా ఆ అమ్మాయికి తన పేపరు చేతికి ఇస్తారా? ఇచ్చాక మళ్లీ చెప్పే క్లాసు ఏదైనా ఉందా?

పాలమూరు గెస్ట్

నేను అడగదలచుకున్నది కూడా ఇదేనని నాన్నగారి మాట చదివాక తెలిసింది. నాకు అభ్యంతరం మీరు కఠినంగా దిద్దడం మీద కాదు, పానగల్లు గారూ. అడిగి మార్పించుకునే దారి లేని మార్కును ఒక్క మనిషి చేతిలో పెట్టినప్పుడు, ఆ మనిషి ఉదారంగా ఉండటం తప్ప పిల్లలకు వేరే రక్షణ లేదు. నేను ఐదు వేస్తాననడం వెనుక ఉన్నది ఆ భయం.

పానగల్లు లెక్కలు

ఉదారత్వం మీద నాకు నమ్మకం లేదు, ఎందుకంటే అది నచ్చిన పిల్లలకు ఎక్కువగా, నచ్చని పిల్లలకు తక్కువగా అందుతుంది. మన అసలు పేచీ ఇక్కడే ఉందనుకుంటాను. మార్కును సరిదిద్దుకునే ఏర్పాటు లేదు కాబట్టి మెత్తగా ఉండాలని మీరంటున్నారు. ఏర్పాటు లేదు కాబట్టే ఏ మెట్టుకు ఎంతో ముందే రాసి గోడకు అంటించి, అందరికీ ఒకే తీరుగా వేయాలని నేనంటున్నాను.

నాన్నగారూ, నేను పేపర్లు పిల్లల చేతికే ఇస్తాను, ఈ సోమవారం ఇస్తున్నాను. మళ్లీ చెప్పే క్లాసుకు టైం టేబుల్‌లో గంట లేదు. మధ్యాహ్నం భోజన విరామం తర్వాత పల్లె బస్సులు అందుకునేవారు వెళ్లిపోతారు, అవసరం ఎక్కువగా ఉన్నది వాళ్లకే. దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు. ఆ అమ్మాయికి 3 వేశాను: శంకువు ఘనపరిమాణ సూత్రానికి ఒకటి, కాలం దృష్ట్యా అవకలనానికి రెండు. నిష్పత్తికి, ప్రతిక్షేపణకు, జవాబుకు ఏమీ వేయలేదు.

పాలమూరు గెస్ట్

ప్రతిక్షేపణకు సున్న వేయడం అన్యాయం. తాను రాబట్టిన సమీకరణంలో లోతు 2, నీటి రేటు 2 సరిగ్గానే పెట్టింది, అవి మీ ప్రశ్నలోని అంకెలే. నాది ఐదే.

పానగల్లు లెక్కలు

ఆ రెండూ బోర్డు మీది లెక్కలోనూ ఉన్నాయి.

హాలియా కాలువ

శంకువు సిలబస్‌లో ఉందా లేదా అన్నదానికి ఇంతవరకు సమాధానం రాలేదు.

దేవరకొండ నాన్న

సార్, ఆ మూడు ఎందుకు వచ్చాయో ఆ అమ్మాయి పేపరు మీద రాశారా?

పానగల్లు లెక్కలు

రాశాను. పై వరుసలో ఆమె రాసుకున్న 3 చుట్టూ సున్న చుట్టి, అక్కడి నుంచి కింది వరుసలోని ‘మూడో వంతు’ దాకా బాణం గీసి, ‘ఇది ఎక్కడి నుంచి వచ్చింది?’ అని పక్కన రాశాను. మీ అమ్మాయి తన పేపరు కావాలని ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, దాని మీద రసీదు తీసుకోమనండి. ఇచ్చేది లేదని చెప్పాలన్నా వారు అప్పుడు కాగితం మీదే చెప్పాల్సి ఉంటుంది.