షావోమీయా, జియోమీయా? అసలు అవి కొర్రలు

మొన్న సెల్‌ఫోన్ల షాపులో విన్నది. ఒకాయన "జియోమీలో కొత్తవేం వచ్చాయి" అన్నాడు, కౌంటర్లో కుర్రాడు "ఎంఐ అండీ, ఎంఐ" అని దిద్దాడు, పక్కనున్నావిడ మాత్రం షావోమీ అంది. ముగ్గురిలో ఆవిడే దగ్గరగా ఉంది. చైనావాళ్ళు శ్యావ్‌మీ అంటారు, శివుడిలో శ. శ్యావ్ అంటే చిన్న, మీ అంటే బియ్యం. రెండూ కలిపితే చిట్టిబియ్యం అనుకునేరు, అది కొర్రలకి వాళ్ళు వాడే పేరు. అంటే మనం జేబుల్లో పెట్టుకు తిరుగుతున్నది కొర్రల ఫోను!

చిక్కంతా ఇంగ్లీషు కళ్ళద్దాలతో చదవడంలో ఉంది. తమ భాషని రోమన్ లిపిలో రాసుకోవడానికి వాళ్ళు 1958లో పిన్‌యిన్ అనే పద్ధతి పెట్టుకున్నారు, అది ఇంగ్లీషువాళ్ళ కోసం చేసింది కాదు. మన వ్యాకరణం మాటల్లో చెప్పాలంటే మాండరిన్‌లో, అంటే చైనావాళ్ళ అధికార భాషలో, క, త, ప లాంటి పరుషాలున్నాయి, వాటికి వత్తి పలికే జోడీలున్నాయి, గ, ద, బ లాంటి సరళాలు లేవు. రోమన్‌లో బీ, డీ, జీ ఖాళీగా పడున్నాయి కదా అని వాటిని ప, త, క లకి ఇచ్చేసి, పీ, టీ, కే లని వత్తు పలికేవాటికి ఉంచుకున్నారు. అంచేత బీజింగ్‌లో బ లేదు, ఆ మాటకొస్తే జ కూడా లేదు. అది పెయ్‌చింగ్. (గసడదవాదేశం మనకి సంధిలో జరుగుతుంది, పాపం వాళ్ళకి స్పెల్లింగ్‌లోనే జరిగిపోయింది.)

— మా నాన్నగారు మావో త్సే టుంగ్ అనేవారు. ఇప్పుడు టీవీల్లో మావో జెడాంగ్ అంటున్నారు. ఏది కరెక్టండీ?

నాన్నగారిదే మెరుగండీ. ఆ టుంగ్‌ని తుంగ్ చేస్తే చాలు. మధ్యలో ఉన్నది మన దంత్య చకారమే, చలిలో, చుక్కలో పలికేది. పాత నిఘంటువుల్లో దానికి ౘ అని విడిగా అక్షరం కూడా ఉంది. ఇంగ్లీషువాళ్ళకి అది లేదు కాబట్టి జెడ్ కనబడగానే జ అనేశారు, మనకి ఉండి కూడా వాళ్ళ వెనకే పోయాం.

— అయితే షీ జిన్‌పింగ్‌ని శీ చిన్‌ఫింగ్ అని రాయమంటారా?

వద్దు మహాప్రభో. ఫ కనబడితే మనవాళ్ళు ఫ్యాన్‌లో ఫ పలుకుతారు, ఫలాన్నే అలా చేసి పెట్టాం. పేపర్లో ఉన్నది ఉండనివ్వండి. 2014లో టీవీలో వార్తలు చదివే ఒకరు ఆయన పేరులో మొదటి రెండక్షరాలని (Xi) రోమన్ అంకె అనుకుని "ఎలెవెన్ జిన్‌పింగ్" అని చదివి ఉద్యోగం పోగొట్టుకున్నారు, దానికంటే ఏదైనా నయమే.

— పీకింగ్ బీజింగ్ ఎందుకయింది? ఊరి పేరు మార్చారా?

చైనా లిపిలో అవే అక్షరాలండీ. పాత ఉచ్చారణలో అక్కడ క ఉండేది, ఇ పక్కన పడి మాండరిన్‌లో చ అయింది. దక్షిణ చైనాలో మాట్లాడే కాంటనీస్‌లో ఇప్పటికీ క నే. ఇదేం మనకి కొత్త కాదు, కన్నడిగుల కివి మన చెవి, వాళ్ళ కెరె మన చెరువు. అదే మార్పు, వేరే దేశం.

దీనికి తమాషా సాక్ష్యం మన దగ్గరే ఉంది. స్కూల్లో చదువుకున్న హుయాన్‌త్సాంగ్ (ఆయన కూడా శ్యువెన్ ౘాంగ్ లెండి) 7వ శతాబ్దంలో ఇటు వచ్చి మన అమరావతి దగ్గరి ధాన్యకటకం పేరుని చైనా అక్షరాల్లో రాసుకున్నాడు. ఆయన కాలంలో అందులో రెండు క లు నిక్షేపంగా వినబడేవి. అవే అక్షరాలని ఇవాళ మాండరిన్‌లో చదివితే థువొ-నా-చ్యే-చ-చ్యా. అమరావతిలో నిలబడి ఆ పేరుతో దారి అడిగి చూడండి.